రెండు గంటల ఆలస్యం

ఖతీఫ్, శుక్రవారం

జర్మనీలో ఉన్న తమ్ముడు జోసెఫ్‌కి పోయిన నెల ఉద్యోగం ఇంటర్వ్యూ తప్పిపోయింది. రైలు రెండు గంటలు లేటయిందన్నాడు. అలా లేటయితే అక్కడ టికెట్టు డబ్బులో కొంత వెనక్కిస్తారని మా ఆస్పత్రి వార్డు డాక్టరు చెప్పారు. వాడు అప్పట్లో పంపిన టికెట్టు ఫొటో పెట్టి, వాడి పేరు మీద నేనే క్లెయిము పంపాను. ఇక్కడ సౌదీలో ఉండటానికిచ్చే ఇఖామా కాగితాలతో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టినదాన్ని, నాకో ఫారం లెక్కా!

ఈ రోజు రైల్వే వాళ్ళ జవాబొచ్చింది. ఆ రైలు ఆ రోజు సరిగ్గా టైముకే చేరిందట.

ఒళ్ళు మండిపోయింది. నా రూమ్మేట్ మరియమ్మక్క కూడా, "డబ్బులియ్యాల్సొస్తే గడియారం ముల్లైనా తిప్పేస్తారే, వదలమాకు" అంది. వాళ్ళతో గట్టిగా పోట్లాడదామని జోసెఫ్‌కి ఫోన్ చేసి, ఆ జవాబు చదివి వినిపించాను.

వాళ్ళది అబద్ధమంటాడనుకున్నాను. కానీ వాడు, "నిన్నెవరు పెట్టమన్నారక్కా ఆ క్లెయిము?" అన్నాడు.

అప్పటి నుంచి ఒకటే గుర్తొస్తోంది. ఆ టికెట్టు ఫొటో నేనడగలేదు. వాడే పంపాడు.