కంఠతా వచ్చిన కంటిచూపు

ఒరేయ్ తమ్ముడూ,

ఫ్రిజ్ తలుపులో ఉన్న చిన్న సీసా నీ కంటి చుక్కలు. పెద్దది నా చెవి మందు, దాని జోలికి పోకు. ఇవాళ కంప్యూటర్ ముట్టుకోకు. ఐదింటికి వచ్చి కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాను, తయారై ఉండు.

మీ ఆఫీసు పెట్టిన ఉచిత కంటి పరీక్ష ఏడ్చినట్టే ఉంది. అక్షరాల అట్టని వారం ముందే కాఫీ మిషన్ పక్కన తగిలిస్తే కంఠతా రాక ఏమవుతుంది? అందరూ గడగడా అప్పజెప్పారు. "మనవాళ్ల చూపు భేష్, కళ్లజోళ్లు ఎవరికీ అక్కర్లేదు" అని మీ మేనేజరు తేల్చేశాడు. పైగా అందరికంటే నువ్వే ముందు చదివావని చంకలు గుద్దుకున్నావు, సిగ్గులేకుండా!

ఇంకో మాట. నిన్న మన మెట్ల మీద "కాస్త దారివ్వండి మేడం" అన్నావే, ఆ మేడం నేనేరా.