టీచరుకు చెప్పిన అబద్ధం

అమ్మాయ్, పాలు కాచి మూత పెట్టాను. పాపను నేనే బడిలో దింపుతాను. నువ్వు డ్యూటీ నుంచి రాగానే తాగి పడుకో.

నిన్న టీచరు, "పాపకు వినికిడి తక్కువా అమ్మా? చెప్తే విడిగా ఒక టీచరును పెట్టిస్తాం" అంది. చుట్టూ నలుగురు తల్లులున్నారు. నాకు నామోషీ వేసింది. "అబ్బే, అదేం లేదండీ, ఒట్టి మొండిది" అనేశాను. చెవి మిషను అప్పటికే తీసి నా సంచిలో దాచాను. పాప నా పెదాల వంకే చూసింది. దారిలో, "మొండి అంటే ఏంటి నానమ్మా?" అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇవాళ మిషను పెట్టే తీసుకెళ్తున్నాను. ఆ తల్లుల ముందే నిజం చెప్తాను.

పొద్దున పాపకు "తప్పయిందమ్మా" అన్నాను. మిషను పెట్టకముందే అన్నాను, వినపడదనే ధైర్యంతో. దారిలో మళ్లీ చెప్పాలి.

అత్తయ్య