రెండో ఆయన

జూన్ 12, గురువారం
కొట్టు తలుపు దగ్గరగా వేసుకుని రాస్తున్నాను

సౌభాగ్యవతి అయిన మా ఇంటావిడకు,

నీ భర్త దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను క్షేమం. నువ్వు నాతోపాటు ఈ ఇంట్లో వదిలివెళ్లిన రెండో మనిషి క్షేమమో కాదో నాకు తెలియదు. ఆయన చెప్పడు, నేను అడగను. వదినగారి తుంటి ఎముక అతుక్కుంటోందని, ఆవిడ కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోందని తలుస్తాను. ఉత్తరం ప్రభువు పేరు మీద వందనాలతో మొదలుపెట్టలేదని నొచ్చుకుంటావు. నొచ్చుకో. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని ఆయన తరఫున నేను వందనాలు రాయడమేమిటి? కావాలంటే ఆయనే రాసుకుంటాడు.

ఇదంతా మన పాస్టరుగారి పుణ్యం. ఆదివారం మందిరానికి వెళ్లడం, నాలుగు పాటలు పాడడం, దేవుణ్ణి అక్కడే భద్రంగా వదిలేసి ఇంటికి రావడం మా తాతల నాటి నుంచి వస్తున్న పద్ధతి. ఆయనకు ఆయన ఇల్లుంది, మనకు మన ఇల్లుంది. ఒకరి గడప ఒకరు తొక్కకుండా మర్యాదగా బతుకుతున్నాం. ఆ మహానుభావుడేమో ఆ రోజు గొంతు సవరించుకుని, దేవుణ్ణి గుమ్మంలో నిలబెట్టకండి, వంటింట్లోకి పిలవండి, మీ రోజులో ఆయనకు కాస్త చోటివ్వండి అన్నాడు. మిగతా సంఘమంతా ఆమెన్ అనేసి చెప్పులు వెతుక్కుని పోయింది. నువ్వు మాత్రం చోటు అంటే కుర్చీ అనుకున్నావు.

పోనీ, ఏ కుర్చీ? ఊళ్లో వాళ్ల సోఫాలకు గుడ్డలు మార్చీ మార్చీ నా నడుము విరిగిందని, ఈ జన్మలో ఒక్కటైనా నాకోసం చేసుకుందామని, మంచి కలప తెచ్చి, పట్టీలు బిగించి, పీచు దట్టంగా కూరి, మేకు తల ఒక్కటీ కనపడకుండా కుట్టుకున్న చేతుల కుర్చీ. దానికి నూనె వాసనైనా పోలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు తీసుకెళ్లి భోజనాల బల్ల దగ్గర ఆయనకు వేశావు. నేనేమో కాలు ఊగే స్టూలు మీద. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా?

ఆ తరువాత మొదలైంది నీ ముచ్చట. పొయ్యి దగ్గర నిలబడి ప్రభూ, ఉప్పు సరిపోయిందంటావా? గుడ్డలు ఆరేస్తూ నాయనా, ఈ మబ్బు ఒక గంట పట్టుకో. కత్తెర కనపడకపోతే ఎక్కడ పెట్టావు తండ్రీ, అని ఆయన్నే నిలదీయడం. లోకాలన్నీ చేసినవాడికి మన కత్తెర కాపలా పని. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని విన్నాను గానీ, స్వర్గంలో ఉన్నవాణ్ణి ఉట్టి కిందకి దింపినదాన్ని నిన్నే చూశాను.

అన్నిటికన్నా ఒక్క మాట నా చెవిలో ముల్లులా ఉండిపోయింది. ఆయన్ను నువ్వంటావు. నన్ను మీరంటావు. పెళ్లయి ముప్పై ఏళ్లు. పళ్లెం పెట్టి, మీరు తిన్నారా అంటావు, ఎవరో పైవాళ్లు భోజనానికొచ్చినట్టు. అదే నోటితో ఆ ఖాళీ కుర్చీ వైపు తిరిగి, నువ్వు కూర్చో నాయనా, పొద్దుటి నుంచి నిలబడే ఉన్నావు అంటావు. ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. ఇంట్లో అంత మెత్తటి గొంతు ఒకటుందని నాకు తెలియనే తెలియదు.

సరే, ఓర్చుకున్నాను. హోటలు యజమాని సంగతితో ఆ ఓర్పూ తీరిపోయింది. తన హాలు కుర్చీలన్నిటికీ కొత్త గుడ్డ వేయించుదామని ఆ పెద్దమనిషి మన గుమ్మంలోకి వచ్చి, ఆయన ఉన్నారా అమ్మా అని అడిగాడు. ఏ ఇంట్లోనైనా ఆ మాటకు అర్థం మొగుడే. నువ్వు గిన్నె మీంచి చూపు తిప్పకుండా, ఉన్నారండీ, ఎప్పుడూ ఉంటారు అన్నావట. నేను కలప అడితిలో ఉన్నాను. పాపం ఆ పెద్దమనిషి పూటంతా బల్ల మీద కూర్చుని, చివరికి ఎవరూ రాకపోయేసరికి లేచి వెళ్లి, ఆ పని పక్క వీధివాడికి ఇచ్చేశాడు. మన వీధి సెలూనాయన ఆ ముచ్చట వచ్చినవాళ్లందరికీ గడ్డంతోపాటు వడ్డించాడు. ఆ రోజు నుంచి ఈ వీధిలో నా పేరు రెండో ఆయన. కూరగాయలమ్మాయి కూడా, రెండో ఆయనగారూ, సంచీ పట్టండి అంటోంది.

అప్పుడు కోపమొచ్చి అన్నాను, ఈ ఇంట్లో ఆయనైనా ఉండాలి, నేనైనా ఉండాలి అని. నువ్వు ఏడుస్తావనుకున్నాను, లేదా కుర్చీ తీసేస్తావనుకున్నాను. రెండూ చేయలేదు. చేతులు తుడుచుకుని వచ్చి చెప్పిన మాట ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఆయన్ని పొమ్మనడం నావల్ల కాదండీ. మిమ్మల్ని అసలే పొమ్మనలేను. మీరిద్దరూ ఉండండి, నేనే అక్క దగ్గరికి వెళ్తాను. ఒకరికొకరు అలవాటు పడండి."

సంచీ సర్దుకుని వెళ్లిపోయావు. వదినగారికి సాయానికి వెళ్లావని వీధిలో చెప్పాను. సగం నిజమే కదా.

ఇక నీ అతిథి సంగతి విను. ఆయన వల్ల ఇంట్లో పుల్ల కూడా కదలదు. పాలు పొంగిపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. గుడ్డలు తడుస్తుంటే చూస్తూ కూర్చుంటాడు. నేను అన్నం మాడ్చి, చారులో రెండుసార్లు ఉప్పేసి, ఎదురుగా కూర్చుని తింటుంటే బాగుందనీ అనడు, బాగులేదనీ అనడు. ఆ విషయంలో నాకన్నా నయమే అంటావేమో, నేనైతే వంక పెట్టకుండా ముద్ద మింగను కదా. అలవాటు పడమన్నావు. కుర్చీకి ఎవరు అలవాటు పడతారు? మౌనంగా తింటున్నాను, మౌనంగా లేస్తున్నాను.

అందుకే ఒక నిర్ణయం తీసుకున్నాను. నిన్న ఆ కుర్చీని సెలూనాయనకు ఇచ్చేశాను. ఈపాటికి ఎవడో దానిలో వెనక్కి వాలి, మెడ చుట్టూ తువ్వాలు కట్టించుకుని ఉంటాడు. కాబట్టి నీ ప్రభువు ఇంకా ఇక్కడే ఉంటే నిలబడే ఉండాలి. వస్తే రా, లేకపోతే అక్కడే ఉండు. నేను బెంగ పెట్టుకున్నానని మాత్రం వదినగారి ముందు గొప్పలు పోవద్దు. నాకేం, కొట్టు నిండా పనుంది.

ఇట్లు,
ఈ ఇంటికి మొదటి ఆయన

తా.క. ఉత్తరం మడిచి, కవరులో పెట్టి, మళ్లీ బయటికి తీశాను. కుర్చీ ఇవ్వలేదు. ఇద్దామనే పిలిచాను. సెలూనాయన తోపుడుబండి వేసుకుని వచ్చాడు. కుర్చీ చేతులు పట్టుకుని ఎత్తబోతుంటే, పొయ్యి దగ్గరి నుంచి నా నోట్లోంచే వచ్చింది: "అది ఖాళీ లేదయ్యా, ఆయన కూర్చుంటారు." ఆయనంటే ఎవరని అడిగాడు. ఆయనే అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, కుర్చీని చప్పుడు కాకుండా కింద పెట్టి వెళ్లిపోయాడు. పెళ్లాం ఊరెళ్తే రెండో ఆయనకు మతి చెడిందని ఈపాటికి వీధంతా అనుకుంటూ ఉంటుంది.

మౌనంగా తింటున్నానన్నది కూడా అబద్ధమే. నువ్వు వెళ్లిన వారానికి పాత సోఫా స్ప్రింగు తెగి చెయ్యి గీరుకుపోయింది. కట్టు కట్టడానికి ఇంట్లో ఎవరూ లేరు. లోపలికొచ్చి ఆ కుర్చీ వైపు చెయ్యి చాపి, చూశారా అన్నాను. అంతే. అక్కడి నుంచి రోజూ ఏదో ఒకటి చెబుతున్నాను. నిన్న అడిగాను, మా ఆవిడ ఎప్పుడొస్తుందండీ అని. ఆయన పలకలేదు. నువ్వు అడిగితే పలుకుతారేమో, నీకు చనువుంది. నాకింకా మీరు అనే వస్తోంది. నువ్వు అనడానికి నోరు తిరగడం లేదు, ముప్పై ఏళ్లుగా నా దగ్గర నీకు తిరగనట్టే.

స్టూలుకు కాలు బిగించాను. వదినగారు కర్ర లేకుండా నాలుగడుగులు వేయగానే బయలుదేరు. గుమ్మంలోకి రాగానే, నువ్వు తిన్నావా అని అడుగు. ఆయన్ని కాదు, నన్ను.