తప్పులతోనే రాసిన అర్జీ

మంగళవారం, రాత్రి

ఇయ్యాల పొద్దుగాల మా పంపుల రిపేరు వర్క్‌షాపుల షిఫ్టు మొదలుగాకముందే ఇంజనీరు సారు నా చేతిల కాయిదం పెట్టి, అందరి ముందట భద్రతా ప్రతిజ్ఞ చదువుమన్నడు. రెండో లైనుకే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కినయ్. "పదో తరగతి ఎట్ల పాసైనవమ్మా?" అన్నడు. అందరు నవ్విండ్రు.

బడిల అయితే ఏడుస్తుంటి. ఇయ్యాల కాయిదం మడిచి ఆయన చేతికే ఇచ్చిన. "సార్, నాకు డిస్లెక్సియా ఉన్నది. దవాఖానల రాసిచ్చిండ్రు. నాకు చదువుడే కష్టం, చెప్పుడు కాదు," అని ప్రతిజ్ఞంత నోటికి చెప్పిన. ఆరేండ్ల సంది రోజు వింటున్న. ఒక్క మాట తప్పలే.

ఆ ఊపులనే అడిగిన. "ఫిట్టర్ ప్రమోషన్ పరీక్షల ప్రశ్నలు ఎవరన్న నాకు చదివి వినిపియ్యాలె సార్."

"గట్ల ఇక్కడ ఎన్నడు చెయ్యలే."

"ఎన్నడు ఎవరు అడగలేదేమో. నేను అడుగుతున్న."

"అయితే అర్జీ రాసియ్యి," అన్నడు. రాయలేననుకున్నడు గావచ్చు.

పంపు చప్పుడు వింటెనే దాంట్ల ఏం పాడైందో చెప్పే నాకు, ఇంటికొచ్చి ఒక్క పేజీ రాసుటానికి రెండు గంటలు పట్టింది. అయినా రాసిన. అక్క చూసి, "ఇటు తే, తప్పులు దిద్దుత. పరువు పోతది," అన్నది.

"ముట్టకు అక్కా," అన్న.

ఆ తప్పులు చూస్తెనే కదా, నేను ఎందుకు అడుగుతున్ననో సారుకు తెలిసేది. రేపు ఒప్పుకుంటడో లేదో తెల్వదు. కాదంటే పై ఆఫీసుకు ఇంకోటి రాస్త. అదీ నా చేతితోనే, గిదే రాతల.