నింద వస్తే నోరు మూసుకోమన్న పాఠం

నువ్వు నేర్పిన పాఠం నా చెల్లిని, మన పిచ్చుకని, బడిలోంచి గెంటించబోతోంది. "ప్రియమైన అత్తకు" అని మొదలుపెట్టడానికి చెయ్యి రావట్లేదు. ఏమీ అనుకోకు. అనుకున్నా ఫర్వాలేదు.

బేకరీ ఆయన కూతురు, నీ సూఫీ తరగతికి వచ్చే ఆ పొడుగుపిల్ల, బడి మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. అప్పుడు వెనకాల ఉన్నది మన పిచ్చుక ఒక్కతే. ఇదే తోసిందంటున్నారు. షెడ్డుకి కబురొస్తే వెల్డింగు సగంలో వదిలేసి, నిప్పురవ్వలకి చిల్లులు పడ్డ చొక్కాతోనే పరిగెత్తాను. హెడ్‌మిస్ట్రెస్ "ఎందుకు తోశావ్?" అంటుంది. నేను "తొయ్యలేదని చెప్పవే!" అంటాను. అది గోడకేసి చూస్తూ ఒకటే మాట: "నింద వస్తే మనల్ని మనం సమర్థించుకోకూడదని అత్త చెప్పింది." అంతే, ఇక నోరు పెగల్లేదు. వరండాలో నిలబడ్డ బేకరీ ఆయన మీద పడ్డాను. "మీ పిల్లకి నడక రాకపోతే మా పిల్ల తోసినట్టా?" అని ఆ వరండాలో నానా మాటలూ అన్నాను.

నీ పుస్తకాలు నేనూ చదివాను, భోజనం గంటలో, షెడ్డులో సిలిండర్ల పక్కన కూర్చుని. అహాన్ని కరిగించుకోమన్న మాట పెద్దవాళ్లకి. దీనికి అహం ఎక్కడుందత్తా, ఇంకా పాలపళ్లే పూర్తిగా ఊడలేదు! గురువారం పదింటికి కమిటీ కూర్చుంటుంది. ఆలోపు ఇది మాట్లాడకపోతే టీసీ చేతిలో పెడతారట. నువ్వేమో ఫోను గుమ్మం బయటే వదిలేసి ఏకాంతంలో కూర్చున్నావు. రోజూ అక్కడికి బస్సులో వచ్చే వంటామెతో పంపుతున్నాను. వెంటనే జవాబియ్యి.

నీ మేనల్లుడు

*

ప్రియమైన కోపిష్టి మేనల్లుడికి,

నీ ఉత్తరం చదివి గోడకి చేరగిలబడ్డాను. వంటామె "ఎవరన్నా పోయారా అమ్మా?" అని కంగారు పడింది.

నేను చెప్పింది ఒక కథ రా. ఒకావిడ మీద రొట్టె దొంగ అని నింద వేశారు. తీసింది ఆకలితో ఉన్న పక్కింటావిడని తెలిసి, ఆమె పరువు పోకూడదని ఈవిడ ఊరుకుంది. పిల్లలకి ఎంతో నచ్చింది. మన పిచ్చుక మళ్లీ చెప్పమని రెండుసార్లు చెప్పించుకుంది. అది ఇలా మెడకి చుట్టుకుంటుందని కలలో కూడా అనుకోలేదు.

కానీ ఒక్క మాట, అరవకుండా విను. హెడ్‌మిస్ట్రెస్ ఎందుకు తోశావంది. నువ్వు తొయ్యలేదని చెప్పమన్నావు. ఇద్దరూ జవాబు చేత్తో పట్టుకునే వెళ్లారు. ఏం జరిగిందని దాన్ని ఎవరైనా అడిగారా? నువ్వడుగు. నించుని కాదు, దాని పక్కన కింద కూర్చుని అడుగు. అత్త మాట్లాడమందని చెప్పు.

నేను రాలేను నాన్నా. నలభై రోజుల ఏకాంతం, మధ్యలో లేస్తే మళ్లీ మొదటినుంచి కూర్చోవాలి. ఈ ఒంటితో ఇంకోసారి నావల్ల అవుతుందా?

దీవెనలతో,
మీ అత్త

*

అత్తా, అడిగాను. అడక్కపోయినా బాగుండేది.

అది వంటింటి గడప మీద కూర్చుని ఉంది. పక్కనే కూలబడి "ఏం జరిగింది పిచ్చుకా?" అన్నాను. అత్త మాట్లాడమందని కూడా చెప్పాను.

"నేనే తోశాను అన్నయ్యా."

నవ్వులాటకి అంటోందనుకున్నాను. దాని మొహం చూస్తే నవ్వు లేదు.

"ఎందుకే?"

"ప్రతి వారం దాన్నే మధ్యలో కూర్చోబెట్టి దేవుడి స్మరణ మొదలుపెట్టమంటుంది అత్త. నాకు దానికంటే ముందే వచ్చు. ఊపిరి ఎక్కడ ఆపాలో దానికి నేర్పిందే నేను. నన్నేమో గుమ్మం దగ్గర అందరి చెప్పులూ సర్దమంటుంది."

"నాకూ ఇమ్మని అడక్కపోయావా?"

"అడిగాను. కావాలన్నవాళ్లకి ఆ చోటు ఇవ్వనంది. అందుకని అడగడం మానేశాను. అప్పుడూ ఇవ్వలేదు."

"మరి తోశాక నోరెందుకు మూసుకున్నావే?"

"ఊరుకుంటే మంచిపిల్లననుకున్నారు కదా. నువ్వు కూడా."

అదే నా మోకాలు కుదిపి "అన్నయ్యా, నన్ను కొట్టవా?" అంది. కొట్టలేదు. బేకరీకి వెళ్లి, ఆ వరండాలో అన్న మాటలన్నిటికీ ఆయన ముందు తల దించుకున్నాను. ఆయన "ముందు మీ పిల్లతో నిజం చెప్పించవయ్యా" అని షట్టర్ దించేశాడు.

తోసింది అది. అందులో సందేహం లేదు. కానీ ఆ చోటు చూపించి లాక్కున్నది నువ్వు. నన్నూ అలాగే ఏడాదిపాటు చెప్పుల దగ్గర నిలబెట్టావు. మీసాలొచ్చినవాణ్ణి, పళ్లు బిగపట్టుకుని తట్టుకున్నాను. పెద్దవాళ్లకి పెట్టే పరీక్ష తొమ్మిదేళ్ల పిల్లకి పెట్టావు. అదొక పరీక్షని కూడా దానికి చెప్పలేదు. దానికి అర్థమైంది ఒక్కటే, అత్తకి నేనంటే ఇష్టం లేదని.

గురువారం కమిటీ ముందు అది నిజం చెప్తానంది. "అత్త వస్తేనే" అంది. నువ్వొచ్చి దాని పక్కన కూర్చోవాలి. దాని తప్పు అది చెప్పాక నీ తప్పు నువ్వు చెప్పాలి, ఆ బేకరీ ఆయన వినేలా. ఏకాంతం పాడైతే పాడవనీ. మళ్లీ కూర్చోలేకపోతే ఊరుకో.

వస్తావో రావో ఒక్క ముక్క రాసి, బుధవారం సాయంత్రం ఆఖరి బస్సుకి వంటామె బయల్దేరేలోగా ఆమె చేతిలో పెట్టు.