మడి వత్తులు

సింగరాయకొండ
ఆదివారం

స్తుతీ, నా తల్లీ,

ఫోన్‌లో చెబితే నువ్వు మధ్యలో "పర్లేదులేవే" అంటావు. అది వినకూడదని కాగితం మీద రాస్తున్నాను.

మన ఆన్‌లైన్ షాపులో ఏం పెట్టాలా అని మీ పొదిలి ఇంట్లో మనిద్దరం వేసవంతా కూర్చున్నాం కదా. కొత్తపట్నం ఎండుచేపలు పక్క పార్సిళ్ళకి వాసన పట్టిస్తాయని తీసేశాం. ఆవకాయ సీసాని పెట్టెలో పెట్టి మీ డాబా మీంచి పడేసి చూస్తే మెట్లన్నీ ఎర్రబడ్డాయి. మీ ఆయన ఇమ్మానుయేలు అన్నయ్య రెండు రోజులు కడిగాడు, పాపం. తొడిమ తీసిన మిరపకాయలు పరీక్షకి నిలిచాయి. ఆఖర్న నువ్వు చేసిన పత్తి వత్తులు తెచ్చి చూపించావు. పగలవు, కారవు, చెడిపోవు, బరువుండవు. మీ ఊరి పత్తిలో గింజ తీసి నువ్వు చేసిన పువ్వొత్తి పళ్ళెంలో పెడితే నిటారుగా నిలబడింది. ఇంతకన్నా మంచి సరుకు మనకి దొరకదని ఆ రోజు అన్నది నేనే.

ఇక నేను చేసింది చెబుతాను. షాపు తెరిచిన రెండో వారం ఒకావిడ మెసేజ్ పెట్టింది, "ఇవి మడితో చేసినవేనా అండీ?" అని. నేను అన్నం తింటున్నాను. ఎడమ చేత్తో "అవునండీ" అని కొట్టాను. అంత తేలిగ్గా జరిగిపోయింది. మర్నాడు పేజీలోనే రాసేశాను: "ఆచారం గల ఇంటి ఆడవాళ్ళు మడి కట్టుకుని చేసిన వత్తులు." నీ పేరు ఎక్కడా రాకుండా చూసుకున్నాను. స్తుతి అన్న పేరు చూస్తే ఎవరు, ఏమిటి అని జనం ఆరా తీస్తారని. ఆ పేజీ లింకు నీకు పంపనిది కూడా అందుకే. ఇప్పుడు కార్తీకం వచ్చింది. పున్నమి నాడు వెలిగించే మూడు వందల అరవై అయిదు వత్తుల కట్టలు నువ్వు చేయగలిగినదానికన్నా ఎక్కువ అడుగుతున్నారు. "ముట్టుకుంటేనే మడి తెలుస్తోంది" అని ఒకావిడ మెచ్చుకుంటూ రాసింది. ముందు నవ్వొచ్చింది. తర్వాత పేజీ తెరిచి నేను రాసిన వాక్యం నేనే మళ్ళీ చదువుకున్నాను.

మొన్న చీరాల నుంచి వెంకటేశ్వరమ్మ గారని ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. పున్నమి లోపల వచ్చి, ఆ వత్తులు చేసినవాళ్ళకి చీర, పసుపు కుంకుమ పెడతారట. ఎవరిని చూపించను? మా అత్తయ్యని కూర్చోబెడదామని ఒక పూటంతా ఆలోచించాను. అంతవరకూ వెళ్ళాను. సిగ్గుగా ఉంది స్తుతీ.

అందుకని వత్తుల్నే షాపులోంచి తీసేద్దామని నిర్ణయించుకున్నాను. అమ్ముడుపోవడం లేదని నీతో చెబుదామనుకున్నాను గానీ, నీకు కూడా అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. పున్నమి కట్టలు ఇక చేయకు. మిరపకాయల పని ఎక్కువ పంపిస్తాను. కోప్పడు, తిట్టు, కానీ మాట్లాడు.

నీ
మాధురి


పొదిలి
గురువారం

మాధురికి,

నీ ఉత్తరం ఇమ్మానుయేలు కూడా చదివాడు. "ఏమంటావు?" అన్నాడు. "అనాల్సింది చాలా ఉంది, అన్నం వార్చాక అంటాను" అన్నాను.

బాధ కలిగింది. ఎక్కడో చెబుతాను. మడి అన్న మాట దగ్గర కాదు. ఆ మాట ఊహ తెలిసినప్పట్నుంచీ వింటూనే ఉన్నాను. "నీ పేరు ఎక్కడా రాకుండా చూసుకున్నాను" అన్నావు చూడు, అక్కడ.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆగస్టులో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో కొండమ్మ పిన్ని అందరి ముందూ నన్ను నిలబెట్టి అడిగింది: "ఏమే, వాళ్ళ గుళ్ళో దీపాలకి వత్తులు చేత్తన్నావంటగా? పాస్టరుగారికి తెలుసా?" "తెలుసు పిన్నీ, నేనే చెప్పా. మాధురి నా స్నేహితురాలు, ఇది నా చేతి పని" అన్నాను. రెండు వారాలు నా పక్కన ఎవరూ కూర్చోలేదు. నేను నీ పేరు దాచలేదే. మా ఇంట్లో దీపం పెట్టం. అయినా ఎవరో దణ్ణం పెట్టుకుంటుంటే మధ్యలో ఆరిపోకూడదని, కట్టకొకటి వెలిగించి చూసి మరీ పంపాను.

ఇంకొకటి. అబద్ధం రాసింది నువ్వు, పని పోయేది నాకా? ఇదెక్కడి న్యాయమే? ముందు నా పేరు దాచావు, ఇప్పుడు నా పనినే దాచేస్తానంటున్నావు.

వత్తులు తియ్యకు. ఆ వాక్యం తియ్యి. దాని చోట "పొదిలిలో స్తుతి చేసినవి" అని రాసి, ఆ లింకు నాకు పంపు. చీరాల ఆవిడకి మా ఇంటి అడ్రసు ఇవ్వు. నన్ను చూశాక చీర పెడితే పుచ్చుకుంటాను, లేదంటే టీ తాగి వెళ్తారు. ఆర్డర్లు తగ్గితే తగ్గనీ. తగ్గినన్ని నేను తక్కువ చేస్తాను.

పున్నమి కట్టలు నూట ఇరవై తయారుగా ఉన్నాయి. బస్సుకి వెయ్యలేదు. పేజీలో నా పేరు చూసిన రోజున వేస్తాను. చూడకపోతే పున్నమి దాటినా అవి ఇక్కడే ఉంటాయి. ఆ తర్వాత నీ ఊళ్ళో నువ్వు, నా ఊళ్ళో నేను.

వత్తులు చేసిన
స్తుతి