ఉతికి తెచ్చిన చొక్కాలు

ఇండియానా, వాబాష్ నది ఒడ్డు,
1838 సెప్టెంబరు

పూజ్యులైన మా వారికి,

థర్జా నమస్కరించి రాస్తున్నది. దేవుని దయవల్ల నేనూ పిల్లలూ కులాసా. మీరూ కులాసాయేనని రాశారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మీరడిగినవి ముందు చెబుతాను. మొక్కజొన్న కోతలు అయ్యాయి. మన చిన్నది హల్డాకి జ్వరం తగ్గింది. గుమ్మడికాయ వద్దని పేచీ పెడుతోందంటే బాగానే ఉన్నట్టు. ఆవు పెయ్యదూడను ఈనింది.

ఇక నేను అడుగుతాను. సువార్త చెబుతూ గుర్రం మీద ఊరూరా తిరిగే బోధకుడి చొక్కాలు ఎలా ఉండాలి? ఇన్నేళ్లూ బురదా, గుర్రపు చెమటా ఇంటికి మోసుకొచ్చేవారు. ఈ వేసవి నుంచి శుభ్రంగా ఉతికి, మడతపెట్టి మరీ తెస్తున్నారు. బట్టకు సబ్బు రుద్దడం మీకెప్పుడు వచ్చింది? మెడపట్టీ మీద కుట్టు నాది కాదు. పైగా వచ్చినప్పుడల్లా పిల్లలకు నిద్ర చెడుతుందని గుర్రపు కొట్టంలో పడక!

మీరు బస చేసే విధవరాలు కెజియా గారి యాపిల్ జాము అమృతమని మీరే మెచ్చుకున్నారు. నా కడుపు మండింది. పోయిన మంగళవారం పిల్లల్ని పక్కింట్లో వదిలి, గుర్రమెక్కి వెళ్లి ఆమె గుమ్మంలో దిగాను. తలుపు తీసింది పళ్లూడిన ముసలావిడ. అయినా నేను తగ్గలేదు.

"మా ఆయన చొక్కాలు మీరెందుకు ఉతుకుతున్నారు?"

"వచ్చావా తల్లీ! ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నా," అందావిడ. "నీ మొగుణ్ణి నేనేం ఎగరేసుకుపోనులే. దగ్గితే నెత్తురు పడుతోంది. ఆ మరకలు నీ కంట పడకూడదని నా కాళ్లావేళ్లా పడ్డాడు. నా మాట వినడు, నువ్వైనా చెప్పు."

ఆ మెట్ల మీదే కూలబడి ఏడ్చాను. మిమ్మల్ని అనుమానించినందుకు సిగ్గేసింది. దాచినందుకు అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. తెలిస్తే సంఘం పెద్దలు మిమ్మల్ని గుర్రం దింపేస్తారని మీ భయం. బోధిస్తూనే ప్రాణం వదలాలని మీ కోరిక. నాకా కోరిక లేదండీ.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చే నెల బోధకుల వార్షిక సభలో ఎప్పటిలాగే మీ పేరు పిలిచి, మిమ్మల్ని బయటికి పంపి, "ఈయన గురించి ఎవరైనా చెప్పవలసింది ఉందా?" అని బిషప్ గారు అడుగుతారు. ఏటా ఎవరూ నోరెత్తరు. ఈసారి మీ తోటి బోధకుడు టటిల్ గారు లేచి మీ జబ్బు సంగతి చెబుతారు. మిమ్మల్ని లోపలికి పిలిచేసరికి మీరు తిరిగే ఊళ్లు వేరొకరి పేరన రాసేసి ఉంటారు.

ఎవరు చెప్పారా అని కెజియా గారిని అనుమానించకండి. టటిల్ గారు నిన్న మనింట్లో భోంచేశారు. నేనే చెప్పాను. కోపమొస్తే ఇంటికొచ్చి, ఎదురుగా కూర్చుని తిట్టండి. ఎన్నేళ్లు తిట్టినా వింటాను.

ఇట్లు,
మీ ఇల్లాలు
థర్జా